కొట్టేసిన మూడు లైన్లు

ఏం దొరికింది? ఏ డబ్బా? పచ్చరంగుదా, మూత మీద సొట్ట ఉందా? ఊపకు. ఊపకే అంటుంటే! మేకులు కావవి. బరువుగా ఉందా, ఉంటుంది మరి, సీసం. ఇలా తీసుకొచ్చి నా ఒళ్ళో పెట్టు. అలమర సర్దిపెడతాను పెద్దమ్మమ్మా అని వచ్చి, సరిగ్గా దాని మీదే వేశావు చెయ్యి. మీ అమ్మమ్మ పోలికే నీది. నా చెల్లెలని చెప్పడం కాదు గానీ, చిన్నప్పుడు నేను ఏది దాచుకున్నా వాసన పట్టేసేది. సరే, మూత తియ్యి. మెల్లిగా. అక్షరాలే అవి. అచ్చు అక్షరాలు. ఒకటి తీసి వెలుతురులో పెట్టి చూడు, తిరగేసి ఉంటుంది. అద్దంలో చూస్తే తిన్నగా కనిపిస్తుంది. డెబ్బై ఒకటి ఉండాలి, ఒక్కటి కింద పడినా నేను ఊరుకోను. ఎవరివా? నిదానంగారివి. నిదానం అని అసలు పేరు కాదులే. ప్రెస్సులో అందరూ అలా పిలిచేవాళ్ళు, ఆయన పలికేవాడు, ఇక అసలు పేరు అడగాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. కూర్చో. ఆ కుర్చీ మీద బట్టలు పక్కన పెట్టి కూర్చో.

నాకప్పుడు ఇరవై మూడు. మా నాన్న మంచం పట్టాడు, ఇంట్లో ఎవరో ఒకరు సంపాదించాలి, నాకు అక్షరం ముక్క వచ్చు కాబట్టి ప్రెస్సులో చేరాను. ప్రూఫులు దిద్దే పని. పొడుగాటి హాలు, ఒక పక్కంతా కిటికీలు, కిటికీల కింద వరసగా చెక్క పళ్ళేలు, ఒక్కో పళ్ళెంలో బోలెడు గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. కంపోజిటర్లు వాటి ముందు నిలబడి, చూడకుండానే చేత్తో ఏరుకుని, ఒక్కొక్కటే పేర్చేవాళ్ళు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా టిక్కు టిక్కుమని అదే చప్పుడు. కిరసనాయిలు, సిరా, తడి కాగితం, ఈ మూడింటి వాసన నా చీరల్లోంచి ఏళ్ళ తరబడి పోలేదంటే నమ్ము. హాలు చివర నాకో చిన్న గది కట్టించారు. గదేమిటిలే, మూడు పక్కల చెక్క, ముందర అద్దం, అద్దంలో చెయ్యి పట్టేంత కిటికీ. అందులోంచి ప్రూఫు లోపలికి ఇచ్చేవాళ్ళు, దిద్ది అందులోంచే బయటికి ఇచ్చేదాన్ని. అంతమంది మగవాళ్ళలో నేనొక్కదాన్నే ఆడపిల్లని. నన్ను చాటుగా ఎర్రసిరా అనేవాళ్ళు. నాకు తెలుసు. ముక్కు మీద కోపం కదా, ఒక అక్షరం తలకిందులైతే ఒంటికాలి మీద లేచేదాన్ని.

ఒక సంగతి చెప్పనా, ప్రూఫు చూసేవాళ్ళు చదవరు. నవ్వకు, నిజం. అక్షరం చూస్తారు. నవల్లో కథానాయిక ప్రాణం పోతుంటుంది, పక్కన తల్లి గుండెలు బాదుకుంటుంటుంది, మేము ఆ బాదుకోవడం తర్వాత చుక్క పడిందా లేదా అని వెతుక్కుంటాం. చదవడం మొదలుపెడితే తప్పులు దొరకవు. అర్థం వచ్చి కళ్ళకి అడ్డం నిలబడుతుంది. అందుకని ఒక్కోసారి కింది నుంచి పైకి చూసేదాన్ని, అర్థం తగలకుండా. అలా చూడ్డం నాకు ఎంత బాగా అలవాటైందంటే, మీ పెద్ద తాతయ్య పెళ్ళికి ముందు నాకు రాసిన మొదటి ఉత్తరంలో నాలుగు తప్పులున్నాయని నాకిప్పటికీ గుర్తు. ఏం రాశారో గుర్తు లేదు పాపం.

గుర్తులుండేవి మాకు. ఏది తీసేయాలన్నా దాని మీద గీత గీసి, అంచు దగ్గర తోక మెలితిప్పాలి. చోటు పెంచాలంటే ఒకటి, తగ్గించాలంటే ఒకటి. ఇక పొరపాటున కొట్టేశామనుకో, కొట్టేసింది మళ్ళీ కావాలనిపించిందనుకో, దాని కింద వరసగా చుక్కలు పెట్టాలి. అంతే. కంపోజిటరు ఆ చుక్కలు చూసి, ఓహో దీన్ని ఉంచమంటున్నారు అని ఉంచేస్తాడు, ఇంకేం అడగడు. ఎందుకు చెబుతున్నానంటే, నేను చుక్కలు పెట్టేదాన్ని కాదు. కొట్టేశానంటే కొట్టేసినట్టే. మా పెద్దాయన, అదే, ప్రెస్సు యజమాని, చేరిన రోజునే అందరినీ పిలిచి చెప్పాడు, "ఆ అమ్మాయి ఏం గుర్తు పెడితే అది చెయ్యండి. ఆ కిటికీ దగ్గర వాదనలు పెట్టుకోవద్దు." ఇరవై మూడేళ్ళ పిల్ల చేతికి అంత అధికారం ఇస్తే ఏమవుతుంది, తలకెక్కుతుంది. ఎక్కింది.

ఏమంటున్నాను? ఆ, నిదానంగారు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దేమో. సన్నగా, కొంచెం ముందుకి వంగి ఉండేవాడు, పళ్ళెం మీదకి వంగీ వంగీ. నోట్లో నాలుక లేని మనిషి. ఎంత తొందర పనైనా ఆయన చెయ్యి అదే వేగంతో కదిలేది. మెషిను నడిపే ఆయన, మహా గోలమనిషి, "అయ్యా, కాగితం ముసలిదైపోతోంది, మీ పేజీ వస్తుందా?" అని అరిచేవాడు హాలు ఆ చివర నుంచి. ఈయన తల ఎత్తకుండా "వస్తుంది" అనేవాడు. వచ్చేది కూడా, ఒక్క తప్పు లేకుండా. మిగతావాళ్ళ ప్రూఫులు నా దగ్గర నుంచి ఎర్రగా గాయాలతో వెళ్ళేవి. ఆయనవి తెల్లగా వెళ్ళేవి. నాకు ఒళ్ళు మండేది తెలుసా, పనేం లేకుండా చేస్తున్నాడని. అలాంటిది నాలుగైదు నెలలు గడిచాక ఆయన పేజీల్లోనూ తప్పులు రావడం మొదలైంది. పేజీకి ఒకటి, ఖచ్చితంగా ఒక్కటే. తప్పుందంటే రెండోసారి ప్రూఫు తియ్యాలి, మళ్ళీ కిటికీ దగ్గరికి తేవాలి. ఒకరోజు అన్నాను కూడా, "ఈమధ్య మీ చెయ్యి బాగా చెడిపోయిందండీ, కళ్ళు చూపించుకోండి" అని. ఆయన "అలాగేనండి" అన్నాడు. పక్కన ఇద్దరు ముగ్గురు నవ్వారు. నా మాటకి నవ్వారనుకున్నాను. నవ్వింది నన్ను చూసి. ఈ సంగతి నాకు తెలియడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది.

తాగు, చల్లారిపోతుంది నీ కాఫీ. నాదలాగే ఉండనీ, నాకు చల్లగానే ఇష్టం.

మా ప్రెస్సులో నెలనెలా ఒక పత్రిక అచ్చయ్యేది. ఏ పత్రికనుకున్నావు? కోళ్ళు పెంచేవాళ్ళ సంఘం పత్రిక. నిజమే చెబుతున్నాను. కోడికి జలుబు చేస్తే ఏం చెయ్యాలి, పుంజు మేత ముట్టకపోతే ఎలా బుజ్జగించాలి, అన్నీ అందులో ఉండేవి. నెలాఖరు వచ్చిందంటే తల ప్రాణం తోకకొచ్చేది. వ్యాసం పేజీ కింద దాకా రాకపోతే చోటు మిగులుతుంది కదా, ఆ చోటు ఖాళీగా వదిలితే పెద్దాయన ఒప్పుకోడు. అందుకని చిన్న చిన్న ముక్కలు ముందే పేర్చి పక్కన పెట్టుకునేవాళ్ళు. ఒక జోకు, ఒక చిట్కా, ఒక చిన్న కవిత, ఏదో ఒకటి. ఎంత చోటుంటే అంత ముక్క. సరిపోకపోతే నేను కత్తిరించేదాన్ని. అది నా ఇష్టానికే వదిలేశారు, పాత పత్రికల్లోంచి ఏరినవి కదా, అడిగేవాళ్ళెవరు?

ఆ నెల పదహారో పేజీలో చోటు మిగిలింది. మధ్యాహ్నం భోజనాల తర్వాత, హాల్లోకి ఎండ ఏటవాలుగా వచ్చే వేళ, నిదానంగారు కిటికీలోంచి ఒక ప్రూఫు ఇచ్చాడు. చిన్న కాగితం. కవిత. ప్రూఫుతో పాటు కాపీ ఉండాలి, అంటే ఏది చూసి పేర్చారో ఆ కాగితం, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తాం. దీనికి కాపీ లేదు. "కాపీ ఏదండీ?" అన్నాను. ఆయన నీళ్ళు నమిలాడు. "పాత పత్రికలోదండీ, చిరిగిపోయింది" అన్నాడు. "ఎవరు రాశారు?" అంటే "పేరు లేదండీ" అన్నాడు. నేను ఇంకేం అడగలేదు. కొలబద్ద తీసి కొలిచాను. పద్నాలుగు లైన్లుంది కవిత. చోటు పదకొండుకే ఉంది. ఎర్రకలం తీసుకుని మూడు లైన్లు కొట్టేశాను. ఎంతసేపు పట్టిందనుకుంటున్నావు? తుమ్మడానికి పట్టేంతసేపు. ఏ మూడంటే, మధ్యలో ఎవరినో నువ్వు నువ్వు అని పిలుస్తూ మూడు లైన్లున్నాయి. మిగతా కవితంతా ఎవరో ఒక పెద్దావిడ, కిటికీ, కళ్ళజోడు, ఇలా సాగుతోంది. కోళ్ళ పత్రికలో ఈ నువ్వెవరు, చదివేవాళ్ళకి అయోమయం, తీసేస్తే పైదీ కిందదీ అతుక్కుంటాయి అనుకున్నాను. తోక మెలితిప్పి కాగితం కిటికీలోంచి బయటికి తోశాను.

ఆయన కాగితం చూసుకుని కదల్లేదు. అంతకుముందూ ఆ తర్వాతా ఎప్పుడూ అడగని మనిషి, ఆ ఒక్కసారి అడిగాడు. "ఈ మూడూ తప్పదాండీ?" అన్నాడు. నేను అప్పటికే తర్వాతి ప్రూఫులో తల దూర్చాను. తల ఎత్తకుండా ఏమన్నానో చెప్పనా? "కోళ్ళకి ఇంత కవిత్వం అక్కర్లేదు లెండి" అన్నాను. పైకే అన్నాను, అందరికీ వినబడేట్టు. హాలంతా నవ్వు. మెషినాయన మాత్రం నవ్వలేదట, అదీ తర్వాత తెలిసిందే. నిదానంగారు కూడా చిన్నగా నవ్వినట్టే గుర్తు నాకు. "సరేనండి" అని కాగితం తీసుకెళ్ళాడు. నేను కొట్టేసిన మూడు లైన్లు తీసేసి, పదకొండు లైన్లతో పదహారో పేజీ నింపాడు. సాయంత్రానికి అచ్చయిపోయింది. పైన కోడికి జలుబు, కింద ఆయన కవిత.

ఆయనదేనే. ఆయనే రాశాడు. రాశాడనడం కూడా తప్పు, కాగితం మీద ఎక్కడా రాయలేదు. నాలుగు రోజులు భోజనం మానేసి ఆ వేళప్పుడు పళ్ళెం ముందు నిలబడి, బుర్రలోంచి తిన్నగా సీసంలోకి పేర్చాడట. మరి కాపీ ఎక్కడి నుంచి వస్తుంది? ప్రెస్సులో అందరికీ తెలుసట అది నాకోసమని. ఒక్క నాకే తెలియదు. అక్షరం అక్షరం నేను చూశాను, ఈ రెండు కళ్ళతో చూశాను, ఆయన తప్ప ఆ మూడు లైన్లు చూసిన ఒకే ఒక్క మనిషిని నేను. ఆ నువ్వు తప్ప ఒక్క మాట గుర్తు లేదు.

కళ్ళు తుడుచుకోవడం కాదే, నీరు కారుతుంటాయి ఊరికే. డాక్టరు చుక్కల మందు ఇచ్చాడు కదా, ఆ బల్ల మీదుంది. తర్వాత వేద్దువులే.

అప్పుడే తెలిసుంటే ఏం చేసేదాన్ని అని అడుగుతావు నువ్వు. అడుగుతావులే, నీ మొహం కనిపించకపోయినా తెలుస్తోంది. అబద్ధం చెప్పను. నవ్వేదాన్నేమో. ఆయన మీద నాకు ఆ రోజుల్లో అలాంటిదేం లేదు. వంగిన వీపు, సిరా అంటిన గోళ్ళు, వెలిసిన చొక్కా. కానీ చదివి నవ్వడం వేరు, చదవకుండా కొట్టేయడం వేరు. చదివి కాదంటే ఆయన పదో రోజుకో పదో నెలకో మరిచిపోయేవాడు. నేను కాదనలేదు కూడా. కొలిచాను.

మరో రెండేళ్ళకి నాకు పెళ్ళి కుదిరింది. శుభలేఖ మా ప్రెస్సులోనే. ఎవరు పేర్చారో చెప్పక్కర్లేదనుకుంటా. పెద్దాయన ఆయనకే ఇచ్చాడు, "మన అమ్మాయిది, తప్పు రాకూడదు" అని. ప్రూఫు నేనే చూసుకున్నాను. పేజీకి ఒక తప్పు చేసే మనిషి, దాంట్లో ఒక్కటి కూడా లేదు. రెండోసారి ప్రూఫు తేవాల్సిన పని లేకుండా చేశాడు. నేను మురిసిపోయి, "చూశారా, మనసు పెడితే ఎంత బాగా చేస్తారో" అన్నాను. అన్నాను తల్లీ. ఈ నోటితోనే అన్నాను. మీ పెద్ద తాతయ్య మంచివాడు, అది వేరే సంగతి. తుమ్మినా నాకు చెప్పి తుమ్మే మనిషి. ముప్ఫై అయిదేళ్ళు కాపురం చేశాం, ఊరూరా బదిలీలు, గిన్నెలు సర్దుకోవడం, విప్పుకోవడం, ఆయన పోయేదాకా ఒక్కరోజు నన్ను బాధపెట్టలేదు. ఆయనకి అన్యాయం చేసే మాట ఒక్కటీ నా నోట రాదు. అయినా మనిషి గుండెలో ఒక్క గదే ఉంటుందని ఎవరన్నారు?

ప్రెస్సు మూసేస్తున్నారని కబురొచ్చేసరికి నాకు అరవై నాలుగు. అప్పటికి మళ్ళీ ఈ ఊరు చేరాను. పెద్దాయన కొడుకు ఫోను చేసి, మీకేమైనా కావాలంటే వచ్చి తీసుకెళ్ళండి, రేపు అంతా కరిగించేస్తారు అన్నాడు. వెళ్ళాను. హాల్లో అక్షరాలన్నీ గోనెసంచుల్లోకి పారలతో ఎత్తుతున్నారు. ఏళ్ళకేళ్ళు గళ్ళల్లో విడివిడిగా పెట్టుకున్నవి, కంకరలాగా. నా అద్దాల గది అలాగే ఉంది, లోపల పాత డబ్బాలు పడేశారు. మెషినాయన ఒక స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అంత గోలమనిషి, గొంతు పోయి గుసగుసగా మాట్లాడుతున్నాడు. "వచ్చావామ్మా ఎర్రసిరా" అన్నాడు. మొదటిసారి మొహం మీదే అన్నాడు. కూర్చోబెట్టి అంతా చెప్పాడు. పేజీకో తప్పు ఎందుకొచ్చేదో, భోజనం ఎందుకు మానేశాడో, కాపీ ఎందుకు లేదో. చెప్పి చెప్పి, పనిముట్ల సొరుగులోంచి కాగితంలో చుట్టిన పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు.

ఏముంది అందులో అంటావేంటి, ఆ డబ్బాలో ఉన్నవే. మామూలుగా తీసేసిన లైన్లు విడగొట్టి ఏ అక్షరాన్ని ఆ గడిలో వేసేయాలి. ఆ మూడు లైన్లు మాత్రం ఆయన విడగొట్టలేదట. అలాగే చుట్టూ దారం కట్టి తన పళ్ళెం మూలన పెట్టుకున్నాడు. నా పెళ్ళయిన ఏడాదికి వేరే ఊళ్ళో పని దొరికి వెళ్ళిపోతూ మెషినాయన చేతికిచ్చి, "వీటిని గళ్ళల్లో కలపొద్దు. ఆవిడ ఎప్పుడైనా వస్తే ఇవ్వండి" అన్నాడట. ఈయనేమో, కాపురం చేసుకుంటున్న పిల్లకి ఇలాంటివిస్తే ఏం గొడవో అని దాచి ఉంచాడు. "మరి ఆయన?" అన్నాను. పోయి పన్నెండేళ్ళయిందట. అక్కడే పెళ్ళి చేసుకున్నాడట, ఒక కూతురట. విని సంతోషమనిపించింది, ఒట్టు. కాస్త కుళ్ళుగా కూడా అనిపించింది, అరవై నాలుగేళ్ళ వయసులో. మనిషి బుద్ధి చూడు.

ఇప్పుడు చెప్పబోయేది ఎవరికీ చెప్పలేదు. ఆ పొట్లం విప్పి అక్కడికక్కడే చదివేయొచ్చు నేను. తిరగేసి ఉన్న అక్షరాలు నాకు నీళ్ళు తాగినంత తేలిక, అద్దం కూడా అక్కర్లేదు. కానీ విప్పలేదు. ఆ రోజు హడావుడిగా చూసి కదా పోగొట్టుకున్నాను, ఈసారి అలా కాదు, ఇంటికెళ్ళి, మొహం కడుక్కుని, మంచి చీర కట్టుకుని, కాఫీ పెట్టుకుని, ఈ కిటికీ దగ్గరే కూర్చుని, నిదానంగా చదువుకుంటాను అనుకున్నాను. దారంతా పొట్లాన్ని రెండు చేతుల్లో పట్టుకుని నడిచాను, పసిపిల్లని మోసుకొచ్చినట్టు. అనుకున్నట్టే అన్నీ చేశాను. కాఫీ పక్కన పెట్టుకున్నాను. కాగితం విప్పాను. తల కిందుగా నా వైపుంది, తిన్నగా తిప్పుకుందామని ఎత్తాను. ఒంటి చేత్తో.

కంపోజిటర్లు ఎప్పుడూ అలా ఎత్తరు. రెండు వైపులా రెండు చేతులతో ఒత్తిపట్టి, బల్ల మీద నుంచి రేకు మీదకి జరుపుతారు. నలభై ఏళ్ళు పాతబడ్డ దారం, ముట్టుకుంటే పొడి అయ్యేది. నాకు తెలియదా? అద్దంలోంచి రోజూ చూసినదాన్నే కదా. కానీ నేను చూసేదాన్ని, పేర్చేదాన్ని కాదు. చేతికి రాలేదు ఆ పని. దారం తెగింది. మూడు లైన్లూ జారి బల్ల మీదా నేల మీదా పడ్డాయి. ఆ చప్పుడు… పెద్ద చప్పుడేం కాదు. గుప్పెడు గింజలు జారితే ఎంతో అంత. మోకాళ్ళ మీద కూర్చుని ఏరాను. మంచాల కిందా తలుపుల వెనకా అన్నీ వెతికి ఏరాను. డెబ్బై ఒకటి.

పదిహేడేళ్ళుగా పేరుస్తున్నాను. అక్షరాలు పేర్చుకునే రేకు ఒకటి కొనుక్కున్నాను, అదిగో డబ్బా వెనకుంది. మొదట్లో పొద్దున్నే పని ముగించుకుని కూర్చునేదాన్ని, సాయంత్రం దాకా లేచేదాన్ని కాదు. ఏ మాటలొస్తాయో అన్నీ రాసుకునేదాన్ని. కిటికీ అనే మాట వస్తుంది. చెయ్యి వస్తుంది. నువ్వు మూడుసార్లు వస్తుంది, అది మాత్రం ఖాయం. ఒకసారి, మీ అమ్మ నిన్ను కడుపున మోస్తున్న ఏడాదనుకుంటా, కాదు కాదు, నువ్వు బడిలో చేరిన ఏడాది, మొత్తం డెబ్బై ఒకటీ పట్టేశాయి. ఒక్క అక్షరం మిగల్లేదు, మూడు లైన్లు కుదిరాయి. ఏముందో చెప్పను. రెండు రోజులు ఎవరు పలకరించినా నవ్వుతూనే ఉన్నాను. మూడో రోజు పొద్దున లేచి చూస్తే తెలిసిపోయింది. అది ఆయన చెప్పింది కాదు. నేను వినాలనుకున్నది. ఆయన అక్షరాలతో నాకు నేనే చెప్పుకున్నాను. చెరిపేశాను. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ అన్నీ కుదరలేదు. ఇప్పుడు కళ్ళు లేవు కదా, ఊరికే బొటనవేలితో తడుముతుంటాను. ఎంత పట్టుకున్నా తొందరగా వెచ్చబడదు సీసం.

డబ్బా అడుగున ఒక కాగితం ఉండాలి, నాలుగు మడతలు. అదే. కోళ్ళ పత్రిక పదహారో పేజీ. పొట్లం ఇచ్చిన రోజే ప్రెస్సులో పాత ప్రతుల్లోంచి తెచ్చుకున్నాను. విప్పు, మడతల దగ్గర చిరుగుతుంది, జాగ్రత్త. జలుబు చదవక్కర్లేదు, కింద గీత కింద ఉంది చూడు, అది చదువు. గబగబా కాదు. ఒక్కో లైను దగ్గర ఆగి. "ఒకనాటికి కళ్ళజోడు మందమవుతుంది, అక్షరాలు చిన్నవయ్యాయని విసుగు పుడుతుంది." ఊ. "అవి చిన్నవి కావు, ఎప్పుడూ అంతే ఉన్నాయి. చూసే కళ్ళే దూరం జరిగాయి." చూశావా, ముప్ఫై ఒక్క ఏళ్ళవాడు రాసింది. ఎదురుగా అద్దం వెనక ఇరవై మూడేళ్ళ పిల్ల తల దించుకుని ఎర్రకలంతో గీస్తుంటే, దాని మొహంలో ఈ ముసలిదాన్ని ఎలా చూశాడంటావు? నేనే చూసుకోలేదు. చదువు. "కిటికీ దగ్గర పెద్దావిడ ఒళ్ళో ఒక కాగితం. చదవడానికి ఇప్పుడు తొందరేం లేదు."

అక్కడ ఆగు. ఆరో లైను అయింది కదా. తర్వాత, "వెలుతురు చాలకపోతే వేళ్ళతో తడిమినా చాలు" అని ఉంటుంది. అతకదు. నాకు ఆనాడు అతికింది గానీ అతకదే, మధ్యలో ఎవరినో పిలిచాడు, ఆ పిలుపు లేదు. అంచున ఏమైనా కనిపిస్తోందా? పెన్సిలుతో. మూడు వరసలు చుక్కలు, కదూ. వంకరగా ఉన్నాయా? ఉంటాయి, కిందటేడు పెట్టాను, అప్పటికే సరిగ్గా కనిపించడం లేదు. చుక్కలంటే ఏమిటో ఇందాక చెప్పాను నీకు.

దిద్దాను గానీ, కిటికీ దగ్గరికొచ్చి తీసుకెళ్ళేవాళ్ళు…

ఏం లేదు. మడతపెట్టెయ్యి. అక్షరాలు లెక్కపెట్టి వెయ్యవే లోపల, డెబ్బై ఒకటి. ఆ పై అరలో దుప్పట్లు కూడా కిందికి దించు, ఎండలో వేద్దాం.